మాస్టారు మింగిన అక్షరం

సంచి జిప్పు లాగిన చప్పుడు వంటింట్లోకి వినపడింది.

"అయిపోయింది. సర్దేసుకున్నారు," అంది వదిన, పొయ్యి మంట తగ్గిస్తూ. "ఇప్పుడేం చేస్తావు, టీచరమ్మా?"

మాస్టారి కోసం కలిపిన టీ కప్పు టీచరు చేతిలోనే ఉంది. చక్కెర వేసిందో లేదో గుర్తు రావడం లేదు. రుచి చూద్దామంటే అది ఆయన కప్పు.

"వేశావులే. రెండుసార్లు వేశావు," అంది వదిన. "ఆయన కోపంలో ఉన్నారు కదా, కాస్త తియ్యగా ఉండటమే మంచిది."

సాయంత్రం బడిలో టీచరుకి వీడ్కోలు సభ. ఆ సభ కోసమే తనకు ట్రైనింగులో పాఠాలు చెప్పిన మాస్టారిని నిన్న ఊరి నుంచి పిలిపించుకుంది. అన్నయ్య చెప్పుల కొట్టు మూసి మరీ స్టేషనుకు వెళ్ళి, ఆయన వద్దంటున్నా చెయ్యి పట్టుకుని రైలు దింపి తీసుకొచ్చాడు. నిన్న సాయంత్రం, అందరూ ముందుగదిలో చేరినప్పుడు, ఆమె తన ఉపన్యాసాన్ని ఒకసారి చదివి చూసుకుంది. అందులో మొదటి వాక్యం కొత్తదేమీ కాదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ప్రతి కొత్త తరగతికీ, ప్రతి కొత్త టీచరుకీ, పెళ్ళిళ్ళలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళకీ చెబుతూ వచ్చిందే.

"నా మొదటి పాఠం విని మా మాస్టారు 'ఈ వృత్తి నీకు తగును' అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇంత దూరం వచ్చాను."

మాస్టారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విన్నారు. తర్వాత చెయ్యి దించి, "నేనలా అనలేదే," అన్నారు.

అందరూ నవ్వారు. పెద్దాయన జోకు వేశారనుకున్నారు.

పొద్దున లేచాక ఆయన మళ్ళీ అదే మాట అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

*

టీచరు ముందుగదిలోకి వెళ్ళేసరికి మాస్టారు మంచం అంచున కూర్చుని బూట్లలో కాళ్ళు దూర్చుకుంటున్నారు. సంచి పక్కనే ఉంది. కప్పుకున్న దుప్పటిని మూలకు మూల కలిపి మడిచి దిండు మీద పెట్టారు. నిజంగా కోపంతో వెళ్ళిపోయే మనిషి దుప్పటి అంత ఓపిగ్గా మడవడు. అది చూసి ఆమెకి కొంచెం ప్రాణం లేచొచ్చింది.

"మాస్టారూ, టీ."

"అక్కడ పె..."

ఆమె కప్పు కిటికీ గట్టు మీద పెట్టింది.

ఆయన అలవాటది. వాక్యం చివర వదిలేస్తారు. మొదలు మాస్టారు చెబితే చివర విద్యార్థి చెప్పాలని ఆయన సిద్ధాంతం. "సూర్యుడు తూర్పున..." అని ఆగితే క్లాసంతా "ఉదయిస్తాడూ" అనాలి. "ఏడెనిమిదులు యాభై..." అంటే "ఆరూ" అనాలి. ఆయన దగ్గర ట్రైనింగయిన వాళ్ళందరికీ ఆ జబ్బు అంటుకుంది. టీచరు ఇంట్లో కూడా అంతే. "వదినా, ఆ గరిటె ఇటు..." అని ఆగుతుంది. "విసిరెయ్యనా?" అంటుంది వదిన.

మాస్టారు టీ ఒక గుక్క తాగారు. కప్పు వంక చూశారు. ఏమీ అనకుండా ఇంకో గుక్క తాగారు.

"కోపమొచ్చిందా మాస్టారూ?"

"కోపం దేనికమ్మాయ్? అనని మాటకి నాకు చప్పట్లు వద్దు, అంతే. ఈ వయసులో అప్పనంగా పేరు కొట్టెయ్యడం నాకు చేతకాదు. సాయంత్రం బండికి నన్ను ఎక్కించెయ్యి."

"మీరన్నారు మాస్టారూ. నేను విన్నాను."

"ఏం విన్నావు?"

"తగును అని."

"ఎవరి గొంతులో?"

మీ గొంతులోనే, అనబోయి ఆమె ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా తనే పదిమందికీ అప్పజెప్పి అప్పజెప్పి ఆ మాట ఇప్పుడు తన గొంతులోనే వినిపిస్తోంది. మాస్టారి గొంతు కోసం ఎంత వెతికినా దొరకడం లేదు.

"ఆ రోజు నువ్వు చెప్పిన పాఠం ఏమిటి?"

"మంచి నడవడి. తగును, తగదు."

"ఎలా చెప్పావు?"

"మీలాగే. 'అబద్ధమాడుట తగ...' అంటే పిల్లలు 'తగదూ' అన్నారు. 'పెద్దలను గౌరవించుట తగ...' అంటే 'తగునూ' అన్నారు."

"అదీ. పాఠమంతా అదే పాట. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. నీ గొంతు మూడో బెంచీ దాటలేదు. చాక్‌పీసు కింద పడేసుకున్నావు. బోర్డు చెరిపేటప్పుడు మొహం కూడా చెరుపుకున్నావు, ముక్కు తెల్లగా అయింది. పాఠం అవగానే లేచాను. 'అమ్మాయీ, ఈ వృత్తి నీకు తగ...' అన్నాను. నా ఖర్మ, అలవాటు కొద్దీ ఆగాను. క్లాసంతా 'తగునూ' అని అరిచింది."

వీధి గేటు కిర్రుమంది. ఎవరో లోపలికి వస్తున్నారు. టీచరు అటు చూడలేదు.

"మీరు అనబోయిందేమిటి?"

"తగదు."

ఈసారి ఆయన మాట పూర్తిగా అన్నారు. ఒక్క అక్షరం కూడా మింగలేదు.

ఆమె మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. అదే వింతగా ఉంది. తప్పు బస్సెక్కి చాలా దూరం వచ్చేశాక, ఊరు మాత్రం బాగానే ఉందే అనుకునే మనిషిలా కూర్చుంది.

"మరి పిల్లలు తప్పు చెబితే మీరు ఊరుకునేవారు కాదు కదా మాస్టారూ? ఒత్తు తప్పినా దిద్దేవారు. అంత పెద్ద తప్పుని ఎందుకు వదిలేశారు?"

"పొద్దుట్నుంచీ నేనూ అదే ఆలోచిస్తున్నాను. నీ మొహం వెలిగిపోతుంటే చూడలేక దిద్దలేదని చెప్పనా? బాగుంటుంది వినడానికి. కానీ అదీ అబద్ధమే అవుతుందేమో. గంట కొట్టారేమో. ఆకలేసిందేమో. నాకు గుర్తు లే..."

"లేదు," అంది ఆమె, అలవాటు కొద్దీ. "అయితే దిద్దనందుకే మీకు థాంక్స్ చెబుతాను."

"బద్ధకానికి థాంక్సేమిటమ్మాయ్?"

"మాస్టారూ, ఒకటడగనా? నేను మంచి టీచర్నేనా?"

"నాకేం తెలుసు? నేను చూసింది ఆ ఒక్క పాఠమే." ఆయన ఖాళీ కప్పును గట్టు మీద పెట్టి, అంచు నుంచి లోపలికి జరిపారు, పడిపోకుండా. "ఒక పని చెయ్యి. సభలో ఉన్నదున్నట్టు చెప్పు. మాస్టారు నన్ను పనికిరావన్నారు, ఆయనది తప్పు అని చెప్పు. అలా అయితే వస్తాను. వేదిక మీద కూర్చుని, ఔను తప్పేనని నలుగురి ముందూ ఒప్పుకుంటాను. నేను దిద్దనిది నువ్వు దిద్దినట్టుంటుంది."

అదెంత పని, అనుకుంది టీచరు. గుండె మీద బరువు దిగినట్టయింది. సరేనండీ, అనడానికి నోరు తెరిచింది.

"అలా చెబితే నేను రాను," అన్నాడు గుమ్మంలోంచి అన్నయ్య.

*

కొట్టు నుంచి సరాసరి వచ్చినట్టున్నాడు. చొక్కా జేబులోంచి పాదాల కొలత తీసే టేపు చివర వేలాడుతోంది.

"ఎంతసేపయింది వచ్చి?" అంది టీచరు.

"చాలినంత సేపయింది." అతను లోపలికి వచ్చి నిలబడ్డాడు. "మాస్టారూ, మీరు పెద్దవాళ్ళు. ఏమైనా అనండి, పడతాను. కానీ ఈ మాట మాత్రం మార్చకండి. మార్చే హక్కు మీకు లేదు."

"నా మాట మీద నాకే హక్కు లేదా అబ్బాయ్?"

"లేదు. మీరు అనేసి వెళ్ళిపోయారు. దాన్ని మేం కాపురానికి తెచ్చుకున్నాం."

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "మెల్లగా అండీ. పక్కింటివాళ్ళు టీవీ కట్టేశారు."

"విననీ. అప్పట్లో నాకూ, ఈ చిట్టికీ టీచర్లవ్వాలనే ఉండేది మాస్టారూ. నాన్నకి చూపు తగ్గుతోంది. ఇద్దరిలో ఎవరో ఒకళ్ళం కొట్లో కూర్చోవాలి. చిట్టి మొదటి పాఠం అయ్యాక చూద్దాం అన్నాడు నాన్న. ఆ రోజు నేను ఆ క్లాసు కిటికీ దగ్గరే ఉన్నాను, సైకిలు పట్టుకుని. నా చెవులతో విన్నాను. మాస్టారే స్వయంగా తగును అన్నారు, చిట్టి చదవాలి, కొట్టు నేను చూసుకుంటాను, అని నాన్నతో నేనే చెప్పాను. ఇప్పుడు ఇది మైకు పట్టుకుని ఆయన తగదన్నారు అని చెబితే, నేనిన్నేళ్ళూ దేని కోసం కూర్చున్నట్టు? ఊళ్ళోవాళ్ళ కాళ్ళ దగ్గర?"

"అన్నయ్యా, ఏదైతేనేం, నేను టీచరునయ్యానుగా. నీ వల్లే అయ్యాను. బాగానే..."

"బాగానే ఏంటి? పూర్తి చెయ్యి. ఈ ఇంట్లో ఒక్కళ్ళూ మాట పూర్తి చెయ్యరు!"

"నేను చేస్తున్నాగా," అంది వదిన.

"నువ్వు మా మాటలు కూడా చేసేస్తావు."

"ఎవరో ఒకరు చెయ్యాలిగా. అయినా ఈ గొడవలో నాకేం నష్టం లేదు. మీరు టీచరై ఉంటే మా నాన్న మీ కొట్టుకి చెప్పులకొచ్చేవాడూ కాదు, మిమ్మల్ని చూసేవాడూ కాదు. తగునో తగదో, నన్ను మీకు అంటగట్టింది ఆ మాటే."

ఎవరూ నవ్వలేదు. అయినా గదిలోకి కాస్త గాలి వచ్చినట్టయింది. అన్నయ్య భార్య వంక ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ చూపులో కోపం లేదు.

మాస్టారు మాత్రం ఇవేవీ వింటున్నట్టు లేరు. అన్నయ్యనే చూస్తున్నారు.

"ఏ కిటికీ అబ్బాయ్?"

"ఏంటండీ?"

"ఏ కిటికీ దగ్గరున్నావు?"

"బోర్డుకి కుడి పక్కది. వరండా వైపు."

మాస్టారు తల ఊపారు. చాలాసేపు ఊపుతూనే ఉన్నారు.

"క్లాసంతా అరిచిందని చెప్పాను కదా అమ్మాయ్. దానికి ముందు ఒక గొంతు వచ్చింది. ఒక్కటే. పిల్లలు దాన్ని అందుకున్నారు. పిల్లలెప్పుడూ అంతే, మొదట ఎవరో ఒకరు అనాలి. ఆ గొంతు పిల్లల గొంతు కాదు. మగ గొంతు. కుడి పక్క నుంచి, వరండా వైపు నుంచి వచ్చింది."

వంటింట్లో ఏదో మాడుతున్న వాసన వచ్చింది. వదిన కదల్లేదు.

అన్నయ్య మాస్టారి కాళ్ళ వంక చూశాడు.

"లేసు వదులుగా ఉంది," అన్నాడు.

కిందకి వంగి మోకాలి మీద కూర్చున్నాడు. మాస్టారి బూటుని తొడ మీద పెట్టుకుని లేసు విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. అంతసేపూ అరిచిన మనిషి వేళ్ళు అంత మెత్తగా ఎలా కదులుతున్నాయో టీచరుకి అర్థం కాలేదు.

"ఇది మీ సైజు కాదు మాస్టారూ. మడమ దగ్గర జారుతోంది."

"మా అబ్బాయిది. వాడికి బిగుతయిందట."

"వెళ్ళేటప్పుడు కొట్టు దగ్గర ఆగండి. లోపల అట్ట వేసిస్తాను."

"అన్నయ్యా," అంది టీచరు. "నువ్వేనా?"

"ఏంటి నేనేనా?"

"మొదట అన్నది."

"నేనేమీ అనలేదు." అతను ముడి బిగించాడు. "నేను కిటికీ బయట ఉన్నాను. బయటున్నవాడికి పాఠంలో ఏం పని?"

"మరి మాస్టారు అంటుంటే విన్నానన్నావు?"

"విన్నాను."

"ఆయన అననే లేదంటున్నారుగా?"

"ఆయనకి గుర్తు లేదు."

"నీకు గుర్తుందా?"

"నాకు..." అని అన్నయ్య ఆగాడు.

ఆ మాటని ఎవరూ పూర్తి చేయలేదు. వదిన కూడా.

*

లోపలి గదిలో టీచరు అద్దం ముందు కూర్చుంది. జడ అల్లుకుంటూ మూడు పాయల్లో ఏది ఎటు వెయ్యాలో మరిచిపోయింది. వదిన వెనక నుంచి వచ్చి జుట్టు చేతిలోకి తీసుకుంది.

"వదినా, థాంక్స్ ఎవరికి చెప్పను? మాస్టారికి చెబుదామంటే ఆయన వద్దంటారు. అన్నయ్యకి చెబుదామంటే తను అనలేదంటాడు. అసలు అనని మాట మీద బతికేశానా నేను?"

"కదలకు. పాయ జారిపోతోంది."

"నీతో ఎప్పుడైనా చెప్పాడా?"

"ఏ మొగుడు చెబుతాడమ్మా ఇలాంటివి?" వదిన జారిన పాయని లాగి అల్లింది. "కొట్లో ఎప్పుడైనా గమనించావా ఆయన్ని? ఎవరికైనా చెప్పులు తొడిగి, 'ఈ జోడు మీకు సరి...' అని ఆగుతాడు. 'పోయిందండీ' అని వాళ్ళే అంటారు. కొనుక్కుని పోతారు. ఈ విద్య ఈయనకెక్కడిదా అనుకునేదాన్ని. ఏ ట్రైనింగుకీ వెళ్ళలేదు కదా."

టీచరు అద్దంలో వదిన మొహం వెతికింది. వదిన తల వంచుకుని ఉంది.

"ఆయన్ని అడక్కు, చిట్టీ. ఔనంటే నువ్వు మళ్ళీ ఆయన మొహంలోకి సరిగ్గా చూడలేవు. కాదంటే నేను నమ్మను. రెండూ మనింటికి మంచివి కావు."

బయట కారు హారన్ వినపడింది. బడివాళ్ళు పంపిన కారు.

*

మాస్టారు ముందే వెళ్ళి వెనక సీటులో కూర్చున్నారు, సంచి ఒళ్ళో పెట్టుకుని. ఎక్కేటప్పుడు ఆయన తల తగలకుండా కారు తలుపు పైఅంచుకి అరచెయ్యి అడ్డం పెట్టింది అన్నయ్యే. తర్వాత తనూ చుట్టూ తిరిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. వదిన ఇంటికి తాళం వేసి, వెనకే ఆటోలో వస్తానంది.

"స్టేషనుకి పోనీ బాబూ," అన్నారు మాస్టారు. "మీ మేడమ్ పాత మాటే చెప్పేటట్టుంది."

"బడికి పోనీ," అన్నాడు అన్నయ్య. "పాత మాటే చెబుతుంది."

డ్రైవరు పక్క సీటులో ఎక్కిన టీచరు వంక చూశాడు.

"మీరు చెప్పండి మేడమ్."

ఆమె సీటు బెల్టు కోసం తడుముకుంది. డ్రైవరుకి ఏం తోచిందో, "మలుపు దాకా దారి ఒకటేలెండి," అని బండి కదిలించాడు. ఆ మాటకే ఆమె అతనికి మనసులో దండం పెట్టుకుంది.

"అబ్బాయ్," అన్నారు మాస్టారు కాసేపాగి. గొంతు మెత్తబడింది. "ఆ గొంతు నీదని ఒక్క మాట అను. నేను రైలెక్కను. వేదిక కింద నీ పక్కన కూర్చుని నీకే చప్పట్లు కొడతాను. నేను తగదు అనబోయాను, మీ అన్నయ్య తగును అన్నాడు అని మీ చెల్లెలు చెబుతుంది. ఎవరికీ చిన్నతనం కాదు. నీ కష్టానికి ఇంకా పెద్ద..."

అన్నయ్య కిటికీ అద్దం దించాడు.

టీచరు సీటులో వెనక్కి తిరిగింది. "అన్నయ్యా, అదే చెబుతాను. అంతకన్నా నాకింకేం కావాలి? నువ్వు ఔనంటే చాలు."

"అనలేను."

"ఎందుకనలేవు? సిగ్గా?"

"నాకు రావాల్సింది కాదు కాబట్టి."

కారు మలుపు దగ్గర ఆగింది. ఎడమకి స్టేషను, కుడికి బడి. డ్రైవరు ఏ పక్క లైటూ వేయలేదు.

"కిటికీ దగ్గర నేనొక్కణ్ణే లేను, చిట్టీ," అన్నాడు అన్నయ్య, బయటికే చూస్తూ. "నాన్నని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాను."

వెనక బండివాడు హారన్ కొట్టాడు.

"నాన్నా?" అంది ఆమె. "నాన్న రావడమేమిటి? నేను ఇంటికి రాగానే 'మీ మాస్టారేమన్నారమ్మా' అని అడిగాడు. నేనే చెప్పాను. సరిగ్గా వినపడలేదని మళ్ళీ చెప్పించుకున్నాడు కూడా."

"చెప్పించుకున్నాడు. నేను పక్కనే ఉన్నాగా."

"నువ్వే కదా నాన్నతో చెప్పావు, కొట్టు నేను చూసుకుంటానని?"

"చెప్పాను." అతను ఆగాడు. "నాన్న కిటికీ దగ్గర నోరు విప్పాక చెప్పాను."

టీచరుకి లెక్క అందలేదు. అన్నయ్య వదులుకున్నాడా, నాన్న వదిలించాడా? ఎవరు ఎవరికి ఇచ్చారు? ఇన్నేళ్ళూ తను ఎవరి చెయ్యి అనుకుని ఎవరి చెయ్యి పట్టుకుంది? మాస్టారి మొహంలో ఏమైనా జవాబుంటుందేమోనని చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు, చాలా వెనక్కి వెళ్ళి ఆ గొంతుని మళ్ళీ విందామని ప్రయత్నిస్తున్నట్టు.

వెనక హారన్లు రెండయ్యాయి, మూడయ్యాయి.

"ఎటు పోనివ్వను మేడమ్?"

"ఆగవయ్యా," అన్నారు మాస్టారు కళ్ళు తెరవకుండానే. "ముందు ఆ అబ్బాయిని మాట పూర్తి చెయ్యనీ."

అన్నయ్య పూర్తి చేయలేదు. తలుపు తీసుకుని కారు దిగాడు. మాస్టారు ఉలిక్కిపడకుండా చూసుకుని తలుపు మెల్లగా వేశాడు. తర్వాత అతను నడిచింది స్టేషను వైపూ కాదు, బడి వైపూ కాదు. వచ్చిన దారినే, కొట్టు వైపు.